నిప్పు చాలని పొగ

నిప్పు లేనిదే పొగ రాదని సామెత. ఇంజిన్ దగ్గరికొచ్చేసరికి ఇది కాస్త తిరగబడుతుంది. నిప్పు సరిగ్గా అంటుకోని చోటే అక్కడ గొడవంతా. పెట్రోలు పూర్తిగా కాలితే మిగిలేవి నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు. రెండింటికీ రంగు లేదు, ఘాటు లేదు. గాలి చాలక మంట సగంలో ఆగిపోతే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. పెట్రోలు అసలు కాలకుండానే తప్పించుకుపోతే హైడ్రోకార్బన్లు. ట్రాఫిక్‌లో ముందున్న పాత బండి నుంచి ముక్కుకు తగిలే పచ్చి వాసన వాటిదే. మంట మరీ వేడెక్కితే గాలిలో తన మానాన తానుండే నైట్రోజన్ కూడా ఆక్సిజన్‌తో జట్టుకట్టి ఇంకో విషమవుతుంది. ఈ మూడింటిలోకీ మూసిన గదిలో ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడు కంటికి కనపడదు, ముక్కుకూ తెలియదు. రోడ్డు మీద మనం తిట్టుకునే నల్లపొగ మసి, నీలిపొగ ఇంజిన్ ఆయిలు. అందుకే ఎవరైనా "మా బండికి పొగే రాదండీ" అని గర్వంగా చెబితే తలూపి ఊరుకుంటాను.

ఆ కనపడనిదాన్ని లెక్కగట్టడానికే పెట్రోలు బంకుల పక్కన పొల్యూషన్ చెకింగ్ వ్యాన్లు. కుర్రాడు వచ్చి సైలెన్సర్‌లోకి ఓ సన్నటి గొట్టం దూరుస్తాడు, ఫోను చూసుకుంటూ కాసేపు నిలబడతాడు, నంబరు ప్లేటు ఫొటో తీస్తాడు, కాగితం చేతిలో పెడతాడు. గొట్టం దూర్చకుండానే కాగితం పుట్టే చోట్లు కూడా ఉన్నాయి. వాటి సంగతి అందరికీ తెలిసిందే, కొత్తగా చెప్పేదేం లేదు. నేను వెళ్ళిన చోట కుర్రాడు పద్ధతిగా గొట్టం దూర్చాడు.

బండి మా బాబాయి దగ్గర్నుంచి నాకొచ్చిన 2006 నాటి మారుతి 800. విజయవాడ రిజిస్ట్రేషను, భారత్ స్టేజ్ 2 తరం. ఈ తరం పెట్రోలు కార్లకు చట్టం గీసిన గీత ఏమిటంటే, బండి నిలబడి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడు 0.5 శాతం, హైడ్రోకార్బన్లు పది లక్షలకు 750 వంతులు దాటకూడదు. అంతకు ముందు తరం బండ్లయితే 3 శాతం, 1500 వంతుల దాకా చూసీ చూడనట్టు పోనిస్తారు. మా బండికి తెర మీద మోనాక్సైడు 2.4 శాతం చూపించింది. హైడ్రోకార్బన్లు కూడా గీత దాటాయి, కాకపోతే కొద్దిగానే. కుర్రాడేమీ కంగారుపడలేదు. "సెట్ చేయిస్తారా సార్?" అన్నాడు.

సెట్ చేయించడం అనే మాటకు పాత చరిత్ర ఉంది. కార్బురేటర్ రోజుల్లో మిక్చర్ స్క్రూ అని ఒకటుండేది. పరీక్షకు వెళ్ళేముందు దాన్ని కాస్త బిగిస్తే పెట్రోలు తగ్గి అంకె దిగేది. కాగితం చేతికొచ్చాక, బండి గుంజడం లేదని ఓనరు సణిగితే, స్క్రూ మళ్ళీ మొదటికే. స్క్రూడ్రైవరున్న ప్రతి మెకానిక్కూ తెలిసిన విద్య ఇది. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల బాగోతం అమెరికాలో బయటపడినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ స్క్రూయే. బండిని పరీక్ష యంత్రం మీద నిలబెట్టారని సాఫ్ట్‌వేర్ పసిగట్టి అప్పటికి బుద్ధిగా నడుచుకునేది. రోడ్డెక్కాక నైట్రోజన్ ఆక్సైడ్లను హద్దుకు నలభై రెట్ల దాకా వదిలేది. మన దగ్గర పది రూపాయల స్క్రూడ్రైవరుతో అయ్యే పనికి అక్కడ అంతమంది ఇంజినీర్లు కావాల్సొచ్చింది.

మా బండికి ఆ స్క్రూ లేదు. ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్, ఎంత పెట్రోలు పోయాలో కంప్యూటరు తేలుస్తుంది. స్క్రూ లేకపోయేసరికి ఇక సలహాలు మొదలయ్యాయి. మా అపార్టుమెంటులో ఒకాయన ఆక్సిజన్ సెన్సర్ మార్చేయమన్నాడు, అన్నిటికీ అదేనట మూలం. స్పేర్ పార్టుల కొట్టాయన అసలు పొగను శుభ్రం చేసే కన్వర్టరే పోయిందన్నాడు, రేటు కూడా చెప్పాడు. స్టాఫ్‌రూములో మా సహోద్యోగి మరో మెట్టెక్కి, కన్వర్టర్ కోసి లోపలున్నది పొడిచేయించి గుల్ల చేయిస్తే పికప్ కూడా పెరుగుతుందని రహస్యంగా చెప్పాడు. ట్యాంకులో పోసే సీసా మందు ఒకటి ఎవరో తెచ్చిచ్చారు కూడా. అందరి వేళ్ళూ బండి తోకవైపే. పొగ అక్కడ వస్తోంది కాబట్టి రోగమూ అక్కడే ఉండాలని వాళ్ళ లెక్క.

ఈ లెక్క మన వీధిది మాత్రమే కాదు. 1943 జులైలో లాస్ ఏంజెల్స్ నగరం మీదికి కళ్ళు మండించే గోధుమరంగు పొగ దిగింది. జనం వేలు చూపించింది అలిసో వీధిలోని ఒక కర్మాగారం వైపు. యుద్ధకాలం కదా, కృత్రిమ రబ్బరు కోసం అక్కడ బ్యూటాడైయీన్ తయారుచేసేవారు. కంపు అక్కణ్ణుంచి వస్తోంది కనక నేరమూ దానిదేనని తీర్మానించి కొంతకాలం ఆపించారు. పొగ తగ్గలేదు. తర్వాత పెరళ్ళలో చెత్త తగలబెట్టే పొయ్యిల మీద పడ్డారు, చమురు శుద్ధి కర్మాగారాల మీద పడ్డారు. వీటిలో ఏదీ పూర్తిగా అమాయకురాలు కాదు, కానీ ఏదీ అసలు దోషీ కాదు. చివరికి 1950ల మొదట్లో హాగెన్-స్మిట్ అనే డచ్చి రసాయన శాస్త్రవేత్త చిక్కుముడి విప్పాడు. ఆయన కాల్టెక్‌లో అనాసపండు వాసనలో ఏమేం కలిసున్నాయో విడదీసి చూస్తుండే మనిషి. ముక్కు ఆయన పనిముట్లలో ఒకటి. బండ్ల నుంచి, చమురు నుంచి లేచే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఈ పొగను వండుతున్నాయని తేల్చాడు. కార్లు లేనిదే బతకని నగరం తన కళ్ళలో తానే కారం కొట్టుకుంటోందన్నమాట. ఆ మాట మింగుడుపడటానికి కార్ల కంపెనీలకు చాలా ఏళ్ళు పట్టింది. 1968లో పని మొదలుపెట్టిన కాలిఫోర్నియా గాలి వనరుల బోర్డుకు మొదటి అధ్యక్షుడు ఆయనే.

ఇప్పుడు మన బానెట్ కింద కనపడే సరంజామా అంతా ఆ తగువులోంచి పుట్టిందే. ఇంజిన్ అడుగున చేరే ఆవిర్లను బయటికి వదలకుండా మళ్ళీ లోపలికే పంపే పీసీవీ వాల్వు, ట్యాంకులోంచి లేచే పెట్రోలు ఆవిరిని పట్టుకునే బొగ్గు డబ్బా, 1975 మోడళ్ళ నుంచి అమెరికా కార్లలో క్యాటలిటిక్ కన్వర్టర్. మరుసటేడు వోల్వో కార్లలో ఆక్సిజన్ సెన్సర్ వచ్చింది. మన దేశంలో 1995 నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేశారు. సీసం కలిపిన పెట్రోలు దేశమంతటా పోయింది మాత్రం 2000 ఫిబ్రవరిలో. మధ్యలో ఆ ఐదేళ్ళూ చెన్నైలో కొన్న కారు మన వైపుకొచ్చి సీసం పెట్రోలు తాగిందంటే ఆ కన్వర్టర్‌కి నీళ్ళొదులుకోవాల్సిందే. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన తేనెతుట్టె లాంటి ఆ గదుల మీద సీసం పూతలా పరుచుకుని ఇక పనిచేయనివ్వదు.

కృష్ణా డెల్టాలో పెరిగినవాడికి కన్వర్టర్ అర్థం కావడం తేలిక. అది కాలవ శివారు పొలం. బ్యారేజీ దగ్గర తలుపు ఎంతెత్తారు, మధ్యలో ఎవరు గండి కొట్టారు, ఎక్కడ గుర్రపుడెక్క పేరుకుంది, ఇవన్నీ చివరికి తేలేది నాగాయలంక, కోడూరు వైపు మళ్ళలోనే. అక్కడ నారు ఎండిపోతే ఆ రైతుకు వ్యవసాయం చేతకాదని ఎవరూ అనరు. కన్వర్టర్ విషయంలో మాత్రం అదే అంటాం. నిజానికి అది తనంతట తాను చావడం అరుదు. ఒక ప్లగ్గు మంట తప్పితే కాలని పెట్రోలంతా దానిలోకి వచ్చి కాలి, లోపలి పింగాణీ కరిగిపోతుంది. పిస్టన్ రింగులు అరిగి ఆయిలు పైకొస్తే అందులోని భాస్వరం పేరుకుంటుంది. హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ లోపలికి జారితే ఇంకో రకం పూత. పైనున్న దోషిని వదిలేసి కొత్త కన్వర్టర్ బిగిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. ఈసారి ఖర్చు మాత్రం రెండింతలు.

బండిని ఆటోనగర్ తీసుకెళ్ళాను. లారీ బాడీలు కట్టే షెడ్లు, లేత్ మిషన్లు, వెల్డింగ్ మెరుపులు దాటుకుంటూ వెళితే ఒక సందు చివర మేస్త్రి షెడ్డు. అరవై దాటిన మనిషి. తెర మీద వచ్చిన అంకెల కాగితం ఇస్తే కళ్ళజోడు పైకెత్తి చదివి, "కార్బన్ బాగా ఎక్కువ, హెచ్‌సీ కొంచెమే ఎక్కువ. మంట పోవట్లేదు మాస్టారూ, గాలి చాలట్లేదు" అన్నాడు. ఇంకా బానెట్ ఎత్తలేదు. ఆ రెండంకెల పొత్తు చూసే చెప్పాడు. మోనాక్సైడు తక్కువుండి హైడ్రోకార్బన్లు మాత్రం వేలల్లోకి పోతే ఎక్కడో మంట తప్పుతోందని, రెండూ ఎక్కువైతే పెట్రోలు పొంగి పొర్లుతోందని. మోనాక్సైడు తెరమీద అంతెత్తున ఉందంటే పెట్రోలుకు తగ్గ గాలి అందడం లేదనే. ఒక పాలు పెట్రోలుకు తూకంలో పద్నాలుగున్నర పాళ్ళకు పైగా గాలి కావాలి. దానికి కాస్త అటూ ఇటూ అయినా కన్వర్టర్ తన పని తాను చేసుకోలేదు.

తర్వాత మూడు ప్లగ్గులూ విప్పి గుడ్డ మీద వరసగా పెట్టాడు. మూడూ నల్లగా, పొడిమసితో, ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టున్నాయి. వేలితో గీస్తే మసి పొడిలా రాలింది. తడిగా జిడ్డుగా ఉంటే ఆయిలని, సున్నంలా తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదని, కాఫీ పొడి రంగులో ఉంటే ఆరోగ్యమని చెప్పుకొచ్చాడు. నాకు నచ్చింది అది కాదు, తర్వాతి మాట. "ఒక్కటే నల్లగుంటే ఆ సిలిండర్ గొడవ. మూడూ ఒకే రకంగా ఉన్నాయంటే పైనుంచి ఆర్డరే అట్లా వస్తంది." లాజిక్ మీద పాఠాలు చెప్పే మా సహోద్యోగులు ఎవరైనా ఈ వాక్యాన్ని ఇంత క్లుప్తంగా చెప్పగలరా అని అనుమానం.

ఆర్డరు ఎవరిస్తున్నారో వెతకడం మొదలైంది. ఎయిర్ ఫిల్టర్ తీసి ఎండకు పట్టి చూశాడు. పీసీవీ వాల్వు ఊడబెరికి చెవి దగ్గర గిలక్కాయలా ఆడించాడు, లోపల టకటకమంది, బాగానే ఉందన్నాడు. పెట్రోలు ప్రెషర్ రెగ్యులేటర్‌కి వెళ్ళే సన్న గొట్టం పీకి వాసన చూశాడు. లోపలి పొర చిరిగితే అందులోకి పెట్రోలు కారుతుందట, కారలేదు. ఆ తర్వాత ఆక్సిజన్ సెన్సర్ వైరుకి మీటరు ముల్లు ఆనించి ఇంజిన్ రేస్ చేయమన్నాడు. మీటరు 0.8 వోల్టుల పైన నిలబడింది. అంటే పొగలో ఆక్సిజన్ లేదు, పెట్రోలు ఎక్కువైందని సెన్సర్ మొత్తుకుంటోంది. అప్పుడు ఇంజిన్ లోపలికి గాలి పోయే ఒక రబ్బరు గొట్టం లాగేశాడు. దొంగగాలి లోపలికి పోయి ఇంజిన్ తడబడింది, మీటరు 0.2కి పడిపోయింది. గొట్టం తొడిగితే మళ్ళీ 0.8. "సెన్సర్ బతికే ఉంది మాస్టారూ. పాపం అది నిజమే చెప్తంది, వినేవాడు లేడు." అపార్టుమెంటు ఆయన మార్చమన్నది దీన్నే. మారుస్తే ఏమయ్యేది? ఇంకో కొత్త సెన్సర్ అదే నిజాన్ని అంతే గట్టిగా చెప్పేది.

మరి కంప్యూటరు ఎందుకు వినడం లేదు? తాళం తిప్పి డాష్‌బోర్డు చూడమన్నాడు. ఆయిలు దీపం వెలిగింది, బ్యాటరీ దీపం వెలిగింది. చెక్ ఇంజిన్ దీపం వెలగలేదు. తాళం తిప్పగానే అది కూడా ఒకసారి వెలిగి ఆరాలి. మేస్త్రి మీటర్ల పెట్టె విప్పి చూపించాడు; ఆ దీపం ఉండాల్సిన బొడిపె ఖాళీ. బల్బు పీకేశారు. సెకండ్‌హ్యాండ్ బండ్ల లోకంలో ఇది కొత్త సంగతేమీ కాదు, దీపం వెలుగుతున్న బండికి బేరం తెగదు. తన డబ్బాలోంచి ఓ చిన్న బల్బు తీసి పెట్టి, పరీక్ష సాకెట్టులో రెండు బొక్కలకు వైరుముక్క తగిలించాడు. దీపం ఒకసారి మినుకుమంది, ఆగింది, గబగబా రెండుసార్లు మినుకుమంది. ఒకటి పక్కన రెండు, పన్నెండు. అంటే కంప్యూటరు దృష్టిలో ఏ తప్పూ లేదు!

ఇక్కడ నేను కాస్త ఆగి చెప్పుకోవాల్సిన సంగతి ఉంది. ఇప్పటి బండ్లకు పెట్టే స్కానర్లను చూసి మనకు ఒక భ్రమ. యంత్రమే తన రోగం తాను చెప్పేస్తుందని. పీ0420 అని అంకె వస్తే కన్వర్టర్ పోయిందని, పీ0171 వస్తే ఇంకేదో పోయిందని చదివి పార్టు ఆర్డరు పెట్టేస్తాం. ఆ అంకె అర్థం ఫలానా చోట కొలత తేడాగా వచ్చిందని మాత్రమే. మొదటిది కన్వర్టర్ పని తగ్గినట్టు కనిపిస్తోందంటుంది, రెండోది గాలికి తగ్గ పెట్రోలు లేదంటుంది. ఎందుకో చెప్పదు. సైలెన్సర్ గొట్టానికి సెన్సర్ ముందు చిల్లుపడినా, బయటిగాలి పీల్చుకుని అలాంటి అంకెలే వస్తాయి. ఫిర్యాదు చేసినవాడినే ముద్దాయిని చేసి బోనెక్కించడం తేలిక. అమ్ముడయ్యే సరుకూ అదే.

మేస్త్రి చల్లబడ్డ టీ తాగుతూ అన్నీ తిరిగి అడిగాడు. మైలేజీ ఎంత? పన్నెండు దాటడం లేదు. పొద్దున స్టార్టింగు? ఒక్క సెల్ఫుకే. "వేడెక్కుద్దా?" "అస్సలు వేడెక్కదు మేస్త్రీ. బెజవాడ ఎండల్లో కూడా ముల్లు కింది గీత వదిలి పైకి రాదు. మా బాబాయి చెప్పుకుని మురిసేవాడు, ఇది చల్లటి బండిరా అని."

మేస్త్రి గ్లాసు కింద పెట్టేశాడు.

ఇంజిన్ మీద చేయి వేసి, తర్వాత రేడియేటర్ పై గొట్టం పట్టుకున్నాడు. నన్నూ పట్టుకోమన్నాడు. గోరువెచ్చగా ఉంది. అప్పటికి ఇంజిన్ చాలాసేపట్నుంచి తిరుగుతూనే ఉంది. మామూలుగా అయితే ఇంజిన్ లోపలి నీళ్ళు ఎనభై డిగ్రీలు దాటేదాకా థర్మోస్టాట్ తలుపు మూసే ఉంచుతుంది, పై గొట్టం చల్లగా ఉంటుంది. తెరుచుకున్నాక ఒక్కసారిగా చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. ఇక్కడ మొదట్నుంచీ అలా వెచ్చవెచ్చగా, ఎటూ కాకుండా. గొట్టం కలిసే మూతకు రెండు బోల్టులు. విప్పాడు. లోపల థర్మోస్టాట్ కూర్చోవాల్సిన గాడిలో పాత గ్యాస్కెట్ పేస్టు తప్ప ఏమీ లేదు. ఇంకా ఒకటి ఉందని ఫ్యాన్ వైరు వెంట వేలు పోనిచ్చాడు. నల్ల టేపు చుట్టిన జాయింటు. ఫ్యాన్ డైరెక్ట్. తాళం తిప్పింది మొదలు ఆపేదాకా, అవసరమున్నా లేకున్నా అది తిరుగుతూనే ఉంటుంది.

ఇక కథంతా దారంలా లాగితే వచ్చేసింది. థర్మోస్టాట్ లేదు, ఫ్యాన్ ఆగదు. నలభై అయిదు డిగ్రీల ఎండలో కూడా ఇంజిన్ తన వేడికి తాను చేరుకోదు. నీటి వేడి కొలిచే సెన్సర్ "ఇంకా చల్లగానే ఉంది" అని కంప్యూటరుకు చెబుతుంది, అది నిజం. చల్లటి ఇంజిన్‌కి పెట్రోలు ఎక్కువ పోయాలని కంప్యూటరుకు నేర్పారు, అది పోస్తుంది, అదీ సబబే. చలి వదిలేదాకా ఆక్సిజన్ సెన్సర్ మాట పట్టించుకోవద్దని కూడా నేర్పారు. కాలని పెట్రోలు మసై ప్లగ్గులకు పడుతుంది, మిగతాది తోకలోకి పోతుంది. అక్కడ కన్వర్టర్‌కి మోనాక్సైడును కాల్చడానికి ఆక్సిజన్ లేదు. అబద్ధం చెప్పినవాడు ఒక్కడూ లేడు ఇందులో. అందరూ తమ ఉద్యోగం తాము చేశారు. అందుకే దీపం పన్నెండు అని మినుకుమంది. పోయిన పార్టు ఒక్కటీ లేని రోగం ఇది. ఉన్న రోగమల్లా ఎప్పుడో ఎవరో చేసిన వైద్యం.

కొత్త బండిలో చెడిపోయిన వస్తువును వెతికితే చాలు. పాత బండిలో దాని మీద పడ్డ చేతులన్నిటినీ వెతకాలి. ఇరవై ఏళ్ళ బండి అంటే కంపెనీ తయారుచేసిన బండి కాదు. సర్దుబాట్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వచ్చిన ఇంకో బండి. ప్రతి సర్దుబాటూ ఆ రోజుకి ఒక కష్టం తీర్చే ఉంటుంది. మాకు ఇక్కడ తమాషా ఏమిటంటే, దోషం దాక్కున్నది మేం తిట్టుకున్న చోట కాదు, మెచ్చుకున్న చోట. చల్లటి బండి అనే పేరు ఇంటిల్లిపాదికీ నోటికొచ్చు. రోగ లక్షణాన్ని ఒక బిరుదులా వాడుకున్నాం. బండిని పొల్యూషన్‌కి సెట్ చేయించమన్న ఏ సలహాదారుకూ ముల్లు ఎక్కడుంటోందని అడగాలని తోచకపోవడంలో వింతేమీ లేదు. సుగుణం గురించి ఎవరు ఆరా తీస్తారు!

కొత్త థర్మోస్టాట్ తెచ్చి వేసేద్దామన్నాను. అదేమంత ఖరీదైన వస్తువు కాదు. మేస్త్రి ఒప్పుకోలేదు. "ఎవరూ సరదాకి పీకరండీ దాన్ని. ఎందుకు పీకారో తెలుసుకోకుండా వేస్తే మే నెల్లో మీరు రోడ్డు మీదుంటారు." చల్లారాక రేడియేటర్ మూత తీశాడు. తుప్పురంగు నీళ్ళు. బ్యాటరీ లైటు పట్టి చూపిస్తే, లోపల గొట్టాల మూతుల దగ్గర తెల్లటి గార. ఇంట్లో బోరు నీళ్ళు పట్టి పోసుకుంటూ వచ్చిన ఫలం. ఆ నీళ్ళలోని సున్నం వేడికి విరిగి గొట్టాల్లో పేరుకుపోతుంది, నీళ్ళు తిరిగే దారి సన్నబడుతుంది, వేసవిలో బండి కాగుతుంది. కాగిన బండిని చల్లార్చడానికి థర్మోస్టాట్ పీకడం, ఫ్యాన్ డైరెక్ట్ చేయడం. సైలెన్సర్ చివర మోనాక్సైడు అంకె దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుచుకుంటూ వెళితే మేం తేలింది ఇంటి వెనక బోరు పంపు దగ్గర.

రేడియేటర్ మార్చాం. కూలెంట్ పోశాం. థర్మోస్టాట్ కూర్చుంది, ఫ్యాన్ తన స్విచ్చు దగ్గరికి తిరిగి వెళ్ళింది, ప్లగ్గులు కొత్తవి. కన్వర్టర్ కరగలేదు, మసి మాత్రం పట్టింది. గన్నవరం దాటి హైవే మీద కాస్త దూరం గట్టిగా తోలుకురమ్మన్నాడు, వేడికి అదే కాలిపోతుందని. మళ్ళీ ఆ వ్యాను దగ్గరికే వెళ్ళాను. 0.3 చూపించింది. కుర్రాడు కాగితం ఇస్తూ "ఎక్కడ సెట్ చేయించారు సార్?" అని ఆసక్తిగా అడిగాడు. బోరు నీళ్ళ సంగతి చెబితే నమ్మేలా లేడు, ఆటోనగర్‌లో అని చెప్పి వచ్చేశాను.

బాబాయికి ఫోన్ చేశాను. థర్మోస్టాట్ గురించి అడిగేసరికి ఆయనకు అంతా కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. నడి మే నెల, బెంజి సర్కిల్ జామ్, బండిలో పిన్ని, ఇద్దరు పిల్లలు, బానెట్ కిందనుంచి ఆవిరి. పక్క సందులోంచి ఒక మెకానిక్ కుర్రాడు వచ్చి నిలుచున్నపళాన ఏదో తీసి అవతల పారేసి, ఓ వైరు కలిపాడట. వంద రూపాయలిస్తే యాభై చాలన్నాడట. "ఆ రోజు నుంచి అమ్మేదాకా, అదే, నీకిచ్చేదాకా, ఒక్కసారి కాగలేదురా. బంగారం లాంటి పనిచేశాడు." ఆ కుర్రాణ్ణి తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. పిన్నీ పిల్లలూ ఎండలో ఉన్నారు. అతన్ని ఎవరూ పొగ గురించి అడగలేదు. అడిగినదానికి అతనిచ్చిన జవాబు నూటికి నూరుపాళ్ళు సరైనది.

నేను మొత్తం వివరించాను. రేడియేటరు, సున్నం, మసి, మోనాక్సైడు. బాబాయి ఓపిగ్గా విన్నాడు. చివర్లో ఒకటే అడిగాడు.

"అవన్నీ సరే, ఇప్పుడు ముల్లు ఎక్కడుంటోంది?"

"సగంలో, బాబాయ్."

"సగంలోనా! చల్లటి బండిరా అది. ఏదో తేడా చేసింది. ఎందుకైనా మంచిది, ఓసారి ఎవరికైనా మంచి మెకానిక్కి చూపించు."